కుడివైపు మసక

గీతలమ్మ అసలు పేరు ఆవిడ మెడలో వేలాడే ఐడీ కార్డు మీద ఉంటుంది. ఆ కార్డు ఎప్పుడు చూసినా వెనక్కి తిరిగే ఉంటుంది కాబట్టి దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఆవిడ పని గీతలు గీయడం. టీవీల్లో, ఫోన్లలో, ఆస్పత్రి గోడల మీద వెలిగే తెరలు ఉంటాయి చూడండి, ఆ ఒక్కో తెరలో లక్షల చుక్కలుంటాయి. ప్రతి చుక్కకీ ఒక బుల్లి స్విచ్చు, ఆ స్విచ్చుకి కరెంటు తెచ్చే తీగ. ఏ తీగ ఎటునుంచి వచ్చి, ఎక్కడ మలుపు తిరిగి, ఏ చుక్క దగ్గర ఆగాలో కంప్యూటర్ మీద గీసిచ్చేది ఈవిడే. చెప్పుకోవడానికి చిన్న పనిలా ఉంటుంది గానీ, ఒక్క గీత పక్కకి జరిగితే తెర మొత్తం పోతుంది.

ఆవిడ గీసినదాన్ని అద్దం మీద అచ్చు వేసేవాడు ఆవిడ మొగుడే. అదే కంపెనీ, కింది అంతస్తు. ఆయన్ని అందరూ అచ్చయ్య అంటారు. పసుపు దీపాల గదిలో, తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగు వేసుకుని, ఒక్క కళ్ళు మాత్రం బయటపెట్టి, పధ్నాలుగేళ్ళుగా ఒకే మెషీను దగ్గర నిలబడ్డాడు. ఆ మెషీను పేరు పెద్దావిడ. ఆ పేరు ఆయన పెట్టిందే. "ఇవాళ పెద్దావిడకి కాస్త జలుబు చేసినట్టుంది," అని ఆయన అన్నాడంటే మధ్యాహ్నంలోగా ఎక్కడో ఫిల్టరు మూసుకుపోయి తీరుతుంది. శబ్దం విని చెప్పేస్తాడు.

పైన ఆవిడ గీస్తుంది, కింద ఆయన అచ్చు వేస్తాడు. ఇలాంటి కాపురం ఎంత సాఫీగా సాగాలి! సాగింది కూడా, కుడివైపు మసక వచ్చేదాకా.

ఆ తెరలు ఎక్స్-రేలు చూసే డాక్టర్ల కోసం చేసినవి. నలభై తెరలు పంపితే నలభై వెనక్కొచ్చాయి. తెర మొత్తాన్ని ఒకే బూడిద రంగులో వెలిగించి చూస్తే ఎడమ సగం హాయిగా ఉంది, కుడి సగం కొంచెం దిగులుగా ఉంది. సరిగ్గా నడుమ, నిలువుగా, ఎవరో స్కేలు పెట్టి కోసినట్టు. తొమ్మిది చోట్ల మీటరు పెట్టి వెలుగు కొలిచారు. కుడివైపు మూడు చోట్లా నూటికి ఎనిమిది పాళ్ళు తక్కువ. మామూలు మనిషికైతే పెద్ద తేడా కాదు. కానీ ఎక్స్-రేలో ఒక ఊపిరితిత్తి కళకళలాడుతూ, రెండోది జబ్బు పడ్డట్టు కనిపిస్తే డాక్టరు ఏం కావాలి, ఆ మనిషి ఏం కావాలి?

గీతలమ్మ ఆ సంగతి విన్న క్షణం నుంచి ఒకటే మాట. "అచ్చులో తేడా."

ఆవిడ అంత గట్టిగా అనడానికి కారణం లేకపోలేదు. పాత తెరలకి కరెంటు ఒక్క ఎడమవైపు నుంచే వచ్చేది. కుడి చివర చుక్కల దాకా వచ్చేసరికి అది నీరసపడిపోయి ఆ చివర మసగ్గా ఉండేది. ఈ కొత్త మోడల్లో గీతలమ్మ రెండువైపుల నుంచీ కరెంటు తెచ్చింది. ఎడమ సగాన్ని మూడు నెలలు కూర్చుని గీసింది. ఆ తర్వాత దాన్ని పుస్తకం పేజీలా మడిచి తిప్పేసి కుడి సగం చేసేసింది. ఒక్క మీట నొక్కితే అయిపోయింది. ఎడమ తీగ ఎంత పొడవో కుడి తీగ అంతే పొడవు, వెంట్రుకవాసి తేడా లేదు. దానికి కంపెనీ ఒక షీల్డు కూడా ఇచ్చింది. "తెర అంతటా వెలుగు సమానంగా పంచినందుకు" అని దాని మీద చెక్కి ఉంటుంది. ఆ షీల్డు ఆవిడ బల్ల మీద కంప్యూటర్ పక్కనే ఉంటుంది, దుమ్ము పడితే చీర కొంగుతో తుడుస్తుంది. అలాంటి డ్రాయింగులో తప్పంటే ఆవిడ ఊరుకుంటుందా?

పైగా ఆవిడ చేతిలో రుజువు ఉంది. తెర అంటే ఒకే అచ్చు కాదు. ఒక పొర మీద ఇంకో పొర, దాని మీద మరో పొర, అలా తొమ్మిది పొరలు అచ్చు వెయ్యాలి. కింది పొరలో ప్రతి స్విచ్చుకీ సన్నటి గాడి ఉంటే, పై పొరలో ఒక పక్క నుంచి దాని మీదకి మూత రావాలి; మూత ఎంత కప్పితే చుక్క అంత వెలుగుతుంది. మూత కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, ఎంతటి మెషీనుకైనా అది తప్పదు. తల వెంట్రుకని వంద పాయలుగా చీలిస్తే అందులో ఒక పాయంత జరగవచ్చని కంపెనీ నియమం. పెద్దావిడ అరపాయ జరుగుతోంది. అదీ ఎప్పుడూ కుడివైపుకే.

"చూశారా, కుడికే జరుగుతోంది, కుడివైపే మసక వస్తోంది. ఇంతకంటే ఏం కావాలి?" అంది గీతలమ్మ.

"పాయ దాకా పర్లేదని నువ్వే రాసిచ్చావు. నేను అరపాయలో ఉన్నా," అన్నాడు అచ్చయ్య.

"ఎప్పుడూ కుడికే ఎందుకు జరగాలి?"

"పెద్దావిడ వయసు అలాంటిది."

"అయితే పెద్దావిడకి విశ్రాంతి ఇవ్వమనండి!"

ఈ ముచ్చట జరిగింది భోజనాల దగ్గర. కంచంలో కూర చల్లారిపోయింది. మధ్యలో కూర్చున్న అత్తగారు ఒకసారి కొడుకు వంక, ఒకసారి కోడలి వంక చూసి, కూర గిన్నె తన వైపుకి లాక్కుంది. ఎవరూ తిననప్పుడు పారేయడమెందుకని ఆవిడ ఉద్దేశం. ఆ పెద్దావిడ సంగతేమో గానీ ఈ పెద్దావిడకి మాత్రం ఆకలి, నిద్ర, చూపు అన్నీ దివ్యంగా ఉన్నాయి. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది.

అప్పుడే గీతలమ్మ ఒక చట్టం తెచ్చింది. "ఇవాళ్టి నుంచి ఆఫీసు మాట ఈ గడప దాటి లోపలికి రాకూడదు. ఏమైనా ఉంటే ఆఫీసులోనే రాసి పంపండి. ఇంట్లో నా డ్రాయింగు గురించి ఒక్క మాటన్నా సరే, నేను కంచం ముందు నుంచి లేచిపోతా."

చట్టం వెంటనే అమల్లోకి వచ్చేసింది. మర్నాటి నుంచి ఒకే కప్పు కింద కాపురం ఉండే ఆ ఇద్దరూ ఒకరికొకరు ఈమెయిళ్ళు రాసుకోవడం మొదలుపెట్టారు. "గౌరవనీయులైన అచ్చు విభాగం వారికి, మీ మెషీను జరుగుడు లెక్కలు ఇంకా అందలేదు." "గౌరవనీయులైన డ్రాయింగు విభాగం వారికి, పంపి రెండు రోజులైంది, దయచేసి మీ మెయిలు తెరిచి చూసుకోగలరు." అన్ని ఉత్తరాలూ మేనేజరుకి నకలు వెళ్ళేవి. సాయంత్రం ఇద్దరూ ఒకే స్కూటర్ మీద ఇంటికొచ్చేవాళ్ళు. దారి పొడుగునా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఒక్కసారి మాత్రం అచ్చయ్య ఆ చట్టాన్ని అతిక్రమించబోయాడు. అది రెండో వారంలో, ఒక మంగళవారం. టీ కప్పు ఆవిడ చేతికిస్తూ, "అది కాదు, ఆ కుడి సగం ఉంది చూడు, దాన్ని ఒకసారి..." అన్నాడు. గీతలమ్మ కప్పు బల్ల మీద పెట్టేసి లేచి నిలబడింది. ఆ మాటలో మిగతా సగం అలాగే ఆయన గొంతులో ఉండిపోయింది.

మేనేజరు పేరు కూడా చెప్పుకోవాలి. ఆయన్ని శుక్రవారం అంటారు. ఏ పని చెప్పినా "శుక్రవారానికల్లా" అంటాడు, అందుకని. ఆయన గీతలమ్మని పిలిచి చెప్పాడు, "వచ్చే శుక్రవారం పదకొండింటికి మీటింగు. తప్పు అచ్చుదో డ్రాయింగుదో తేలిపోవాలి. మీరు రిపోర్టు రాసి సంతకం పెట్టండి. అచ్చుదే అయితే ఆ మెషీను మీద వేరే మనిషిని పెడతాం. మీ వారిని ప్యాకింగుకి మారుస్తాం."

"ప్యాకింగుకా?"

"అట్టపెట్టెలు, అంతే. మంచి గాలి వస్తుంది అక్కడ."

గీతలమ్మకి గుండెలో రాయి పడ్డట్టయింది. కళ్ళు మూసుకుని శబ్దం వినే మనిషిని తీసుకెళ్ళి అట్టపెట్టెల మధ్య పడేస్తారట. కానీ లెక్కలు లెక్కలే కదా. మొగుడని తప్పుని తప్పు కాదంటే ఇక పన్నెండేళ్ళ తన ఉద్యోగానికి అర్థమేముంది? అలా తనకి తాను నచ్చజెప్పుకుని రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. రాసిన ప్రతి వాక్యమూ సరిగ్గానే ఉంది, ఒక్కటీ మనసుకి పట్టలేదు.

ఆ ఆదివారం ఇంట్లో ముల్లు మీద కూర్చున్నట్టుంటే, చేతికి ఏదైనా పని ఉంటే బాగుండుననిపించి ముందు గదిలోకి వెళ్ళింది. అత్తగారు నేల మీద ముదురు ఎరుపు వెల్వెట్ గుడ్డ పరిచి ఉంది. పక్కవీధి సంగీతం బడిలో చిన్న స్టేజీ ఉంది. దానికి తెర కుట్టాలి. రెండు ముక్కలు, అటొకటి ఇటొకటి, నడుమ కలిసేట్టు.

"నేను కోస్తా అత్తయ్యా, మీరు కాసేపు నడుం వాల్చండి," అంది గీతలమ్మ.

"కొలత జాగర్త. వెల్వెట్టు మొండిది."

కోడలికి ఇలాంటి పని వెన్నతో పెట్టిన విద్య. పొడుగాటి గుడ్డని సరిగ్గా సగానికి మడిచింది. మడత దగ్గర కత్తెర వేసింది. అంచు కలిపి చూస్తే రెండు ముక్కలూ వెంట్రుకవాసి తేడా లేదు. మడత ఉన్న చివరే రెండింటికీ పైవైపు అని సుద్దముక్కతో గుర్తు పెట్టింది. పది నిమిషాల్లో పని తెమిలిపోయింది. ఈ ఇంట్లో కనీసం ఒక తెరకైనా రెండు సగాలూ సమానంగా వచ్చాయనుకుని, చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వుకుంది కూడా.

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు ముందు గదిలో దండెం కట్టి, రింగులు కుట్టిన తెర వేలాడదీసి చూస్తోంది. పక్క కిటికీలోంచి ఎండ పడుతోంది. అచ్చయ్య స్కూటర్ స్టాండు వేస్తున్నాడు. గీతలమ్మ సంచీ భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయింది.

ఎడమ ముక్క నిగనిగలాడుతోంది. కుడి ముక్క మసగ్గా ఉంది. సరిగ్గా నడుమ, నిలువుగా, స్కేలు పెట్టి కోసినట్టు.

"ఏం మాయ చేశావే అమ్మాయ్," అంది అత్తగారు నడుం మీద చేతులు వేసుకుని. "ఒకే తాను, ఒకే రంగు. ఈ సగం చూడు, ఎవరో తిట్టినట్టు ఎలా మొహం పెట్టిందో."

"గుడ్డలో లోపమేమో అత్తయ్యా. కొట్టువాడు..."

"కొట్టువాడు శుభ్రమైన గుడ్డే ఇచ్చాడు. ఇలా రా. చెయ్యి పెట్టు. పై నుంచి కిందకి నిమురు."

గీతలమ్మ ఎడమ ముక్క మీద అరచెయ్యి పెట్టి కిందకి లాగింది. పిల్లి వీపులా మెత్తగా జారిపోయింది.

"ఇప్పుడు కుడిది."

కుడి ముక్క మీద చెయ్యి గరగరమంటూ అడ్డం తిరిగింది.

"అదీ సంగతి. వెల్వెట్టుకి నూగు ఉంటుంది, నూగు ఒక వైపుకి పడుకుంటుంది. నువ్వు మడిచి కోసి, మడత రెండింటికీ పైన పెట్టావు. దీని నూగు కిందకి పోతే దాని నూగు పైకి పోతోంది. వెలుగు రెండింటి మీదా ఒకేలా పడుతుంది, కానీ ఒకటి మెరుస్తుంది, ఒకటి మింగేస్తుంది. గుడ్డ తప్పు కాదు, కిటికీ తప్పు కాదు. ముక్కని తిప్పడమే తప్పు. కొలతలు సరిపోతే సరిపోదమ్మా, రెండూ ఒకే దిక్కు చూడాలి."

గీతలమ్మ చెయ్యి ఆ కుడి ముక్క మీదే ఉండిపోయింది.

మడిచింది. తిప్పింది. కొలత సరిపోయింది. కానీ దిక్కు మారింది. ఇక్కడ నూగు, అక్కడ మూత. ఎడమ సగంలో ప్రతి మూతా ఒక దిక్కు చూస్తోంది. తను పేజీ తిప్పినట్టు తిప్పేసింది కాబట్టి కుడి సగంలో ప్రతి మూతా దానికి ఎదురు దిక్కు చూస్తోంది. పెద్దావిడ అన్ని మూతల్నీ ఒకేలా అరపాయ కుడికి జరుపుతుంది. ఆ జరుగుడికి ఎడమ సగంలో మూత గాడిని ఇంకాస్త కప్పుతుంది, చుక్క బాగా వెలుగుతుంది. అదే జరుగుడికి కుడి సగంలో మూత గాడి మీద నుంచి తప్పుకుంటుంది, చుక్క మసకబారుతుంది. అచ్చు నియమంలోనే ఉంది. నియమం రాసింది తను. దిక్కు మార్చింది తను.

"ఏంటి, మొహం అలా అయిపోయింది? గుడ్డ మిగిలింది లే, ఇంకో ముక్క కోసుకోవచ్చు," అంది అత్తగారు.

లోపలికి వచ్చిన అచ్చయ్య తెర వంక చూశాడు. ఎడమ సగం చూశాడు, కుడి సగం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. ఏదో అనబోయి, గడప గుర్తొచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే గీతలమ్మ అందరికంటే ముందు ఆఫీసుకొచ్చింది. డ్రాయింగు తెరిచి ఎడమ సగంలో ఒక చుక్కని, కుడి సగంలో ఒక చుక్కని పక్కపక్కన పెట్టుకుంది. కాగితం మీద లెక్క వేసింది. మూత అరపాయ కుడికి జరిగితే ఎడమ చుక్కకి ఎంత లాభం, కుడి చుక్కకి ఎంత నష్టం? తేడా నూటికి ఎనిమిది పాళ్ళు వచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఎనిమిదే.

దాన్ని సరిచేయడానికి మాత్రం గంట కూడా పట్టలేదు. ఒక్కో చుక్కలో ఒక పెద్ద స్విచ్చు బదులు రెండు చిన్నవి పెట్టాలి. ఒకటి ఎడమ వైపు చూసేది, ఒకటి కుడి వైపు చూసేది. మెషీను ఎటు జరిపినా ఒకటి పోగొట్టుకున్నది ఇంకోటి సంపాదిస్తుంది. చుక్క మొత్తం మీద వెలుగు మారదు. మూడు వారాల తర్వాత ఆ కొత్త గీతలతో అచ్చు వేసిన తెర తొమ్మిది చోట్లా ఒక్కలా వెలిగింది, నడుమ గీత కోసం శుక్రవారం గారు ముక్కు ఆనించి వెతికినా దొరకలేదు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఆవిడకి కష్టమైంది ఆ పని కాదు.

కష్టమైంది తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా కూర్చోవడం. రిపోర్టు ఎదురుగా ఉంది. అడుగున సంతకానికి ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పేరు రాసి, ఈ రెండు స్విచ్చుల సంగతిని "మరింత మెరుగైన డిజైను" అని వచ్చే నెల మెల్లగా తెస్తే ఎవడికీ అనుమానం రాదు. షీల్డు బల్ల మీదే ఉంటుంది. గీతలమ్మ దేవతేమీ కాదు, ఆ ఆలోచన ఆవిడకి వచ్చింది. వచ్చి ఒక పది నిమిషాలు కూర్చుంది కూడా. ఆ తర్వాత ఆవిడకి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలుగా ఒక మనిషి తనని స్కూటర్ వెనకాల ఎక్కించుకుని తిప్పుతుంటే, అతని పొట్ట మీద కొట్టడానికి తను లెక్కలు రాస్తూ కూర్చుంది.

మీటింగు గదిలో ఎనిమిది మంది ఉన్నారు. అచ్చయ్య చివరి కుర్చీలో, తొడుగు లేకుండా, దువ్విన జుట్టుతో, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

శుక్రవారం గారు గొంతు సవరించుకున్నాడు. "రిపోర్టు చదివే ముందు, అచ్చు తరఫున మీరేమైనా చెప్పుకోవాలా?"

అచ్చయ్య ఒక్క క్షణం పెళ్ళాం వంక చూశాడు. "లేదండీ," అన్నాడు.

ఆయనకి ఇంకా అలక తీరలేదనుకుంది గీతలమ్మ. లేచి నిలబడింది.

"రిపోర్టు నేను చింపేశానండి. తప్పు డ్రాయింగుది. గీసింది నేను."

గదిలో ఎవరి టీ కప్పు అక్కడే ఆగిపోయింది. గీతలమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక గాడి గీసింది, మూత గీసింది, తిప్పి పక్కన ఇంకోటి గీసింది. మూతలు రెండింటినీ అరపాయ కుడికి జరిపి చూపించింది. తర్వాత సంచీలోంచి రెండు ఎర్ర వెల్వెట్ ముక్కలు తీసి, ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా కిటికీ దగ్గర పట్టుకుంది. ఎనిమిది మందీ మెడలు చాచి చూశారు.

"మరి మూడు వారాలు ఆ మెషీనుని అన్నన్ని మాటలన్నారు కదండీ," అన్నాడు శుక్రవారం గారు.

"అన్నాను. తప్పే. మెషీను బాగుంది, దాని దగ్గర నిలబడే మనిషి ఇంకా బాగున్నాడు. ఆయన్ని అక్కడి నుంచి కదిలిస్తే ఈ కంపెనీకి అంతకంటే తెలివితక్కువ పని ఉండదు."

శుక్రవారం గారు కాసేపు పెన్ను తిప్పుకున్నాడు. అచ్చయ్య అక్కడే ఉంటాడన్నాడు. కొత్త గీతలు శుక్రవారానికల్లా కావాలన్నాడు. ఆరు నెలల పాటు గీతలమ్మ గీసిన ప్రతిదీ ఇంకొకరు చూశాకే కిందకి వెళ్ళాలన్నాడు. వచ్చే ఏడాది పెద్ద మోడల్ పక్క టీముకి ఇస్తానన్నాడు. ఆ చివరి మాట ఆవిడకి సూదిలా గుచ్చుకుంది. నాలుగు నెలల నుంచి ఆ మోడల్ మీద ఆశ పెట్టుకుని ఉంది. అయినా తల ఊపి కూర్చుంది. వెల్వెట్ ముక్కల్ని మడిచి సంచీలో పెట్టుకుంది.

మీటింగు అవగానే అచ్చయ్య కిందకి వెళ్ళిపోయాడు. మెషీను ఖాళీగా ఉంటే ఆయనకి కాళ్ళు నిలవవు. గీతలమ్మ ఒక పది నిమిషాలాగి, క్షమించమని అడుగుదామని తనూ కిందకి దిగింది. అప్పటికే ఆయన తొడుగు వేసుకుని పసుపు గదిలో ఉన్నాడు. బయటి గదికీ లోపలి గదికీ నడుమ పెద్ద అద్దం, మాట్లాడుకోవడానికి గోడకి ఒక ఫోను, వస్తువులు అందించడానికి ఒక చిన్న కిటికీ. ఆవిణ్ణి చూసి ఆయన లోపల ఫోను ఎత్తాడు.

"వచ్చావు కదా, నా కళ్ళజోడు లాకరులో మర్చిపోయా. కొంచెం ఆ కిటికీలో పెట్టవా? తాళం వెయ్యలేదు."

గీతలమ్మ లాకరు తెరిచింది. కళ్ళజోడు పై అరలో ఉంది. దాని కింద మెత్తటి గుడ్డలో చుట్టిన ఒక నమూనా తెర ఉంది, అరచేతి పుస్తకమంత. ఇదేంటి ఇక్కడుందని విప్పింది. వెనకాల అంటించిన చీటీ మీద ఆయన గుండ్రటి చేతిరాత.

"జరుగుడు: కావాలని అరపాయ ఎడమకి. ఫలితం: కుడివైపు బాగుంది. మసక ఎడమవైపుకి మారింది."

కింద తారీఖు. అది రెండో వారంలో మంగళవారం.

గీతలమ్మ ఆ చీటీని రెండుసార్లు చదివింది. పెద్దావిడని ఒక్క అద్దానికి ఎడమకి జరగమని చెప్పి చూశాడన్నమాట. మసక మొత్తం అటు మారిపోయింది. మెషీను ఎటు జరిగినా ఒక సగం గెలుస్తుంది, ఒక సగం ఓడుతుంది, అంటే రెండు సగాలూ ఒకేలా గీయలేదు. బోర్డు అక్కర్లేదు, వెల్వెట్ అక్కర్లేదు. ఈ తెర ఒక్కటి బల్ల మీద పెడితే చాలు, ఆయన బయటపడిపోయేవాడు, ఆవిడ షీల్డు ఎనిమిది మంది ముందు చెత్తబుట్టలో పడేది. టీ కప్పు ఇస్తూ ఆయన చెప్పబోయింది ఇదీ.

ఆవిడ తెరని రెండు చేతులతో పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్ళింది. ఫోను ఎత్తింది.

"ఇది మీ దగ్గర ఎప్పటి నుంచి ఉంది?"

తెల్లటి ముసుగులోంచి రెండు కళ్ళు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాయి. "కళ్ళజోడు అన్నాను కదా, కిందది ఎందుకు తీశావు?"

"ఎప్పటి నుంచండీ?"

"తారీఖు వేశానుగా."

"మరి పొద్దున ఆయన అడిగినప్పుడు లేదండీ అన్నారేంటి? నేను లేచి చెప్పకపోతే ఏం చేసేవారు?"

"అట్టపెట్టెలు కూడా ఎవరో ఒకరు కట్టాలిగా."

"నవ్వకండి. నిజం చెప్పండి."

లోపల పెద్దావిడ ఏదో చిన్నగా మూలిగింది. ఆయన అలవాటు కొద్దీ చెవి అటు పెట్టి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఆఫీసు మాట ఇంట్లో వద్దన్నావు. సరే అన్నాను. ఇంటి మనిషిని ఆఫీసులో పదిమంది ముందు నిలబెట్టడం నాకు చేతకాలేదు. అంతే."

గీతలమ్మకి ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు కూడా. ఈ మనిషి మీదనా తను మూడు వారాలు మెయిళ్ళు రాసింది, ఈ మనిషినా అట్టపెట్టెల్లోకి పంపడానికి కాగితం తయారు చేసింది అనుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆ చట్టం ఇవాళ్టితో రద్దు. ఇంట్లో ఏమైనా మాట్లాడుకోవచ్చు. ఎంతైనా మాట్లాడుకోవచ్చు."

"నిజంగానే?"

"నిజంగానే."

"అయితే సాయంత్రం కాస్త తొందరగా వెళ్దాం," అన్నాడు అచ్చయ్య. "నీ గీతల్లో ఇంకో మూడు తప్పులున్నాయి."

గీతలమ్మ అద్దం మీద అరచేత్తో ఒక్కటి వేసింది. అవతల నుంచి ఆయన తొడుగు వేసుకున్న చెయ్యి సరిగ్గా అదే చోట ఆనించాడు.